నాలుగణాల నొప్పి

ఆమె ముందు చొక్కా విప్పమంటారు. విప్పేటప్పుడే చూస్తారు. ఏ చెయ్యి ముందు బయటికి తీశాడు, నొప్పి చేతికి మంచి చెయ్యి సాయం పట్టిందా, మెడ వంచి తప్పించుకున్నాడా, గుండీలు తీసేటప్పుడు లేని బాధ చొక్కా వీపు మీంచి జారేటప్పుడు మొహంలోకి వచ్చిందా... అన్నీ ఆ అర నిమిషంలోనే. ఆడవాళ్ళయితే కొప్పు ముడి వేసుకుని చూపించమంటారు, దండెం మీద చీర ఆరేసినట్టు చేయమంటారు. వచ్చినవాళ్ళు కుర్చీలో కూర్చుని, ఇంకా పరీక్ష మొదలుపెట్టలేదేమిటా అనుకుంటుంటారు. అప్పటికే సగం అయిపోయి ఉంటుంది.

ప్రొద్దుటూరులో ఒక సందులో ఉన్న రెండు గదుల ఫిజియోథెరపీ క్లినిక్ అది. కుడి జబ్బ నొప్పితో మూడు నెలలు నేనక్కడికి తిరిగాను. ఆమె అక్కడి ఫిజియోథెరపిస్టు. తన పేరు రాయొద్దన్నారు, రాయను. పని గురించి రాస్తానంటే మాత్రం కాదనలేదు. చెయ్యి తిరిగిన కంసాలి పక్కన కాసేపు కూర్చుంటే ఎవరికైనా ఒక గౌరవం కలుగుతుంది చూడండి, ఆ గదిలో నాకు అదే కలిగింది.

ఆ బెంచీ మీదికి వచ్చే జబ్బలు ఒక్కో ఊరి కష్టాన్ని మోసుకొస్తాయి. జమ్మలమడుగు వైపు నుంచి నేతపనివాళ్ళు. గుంత మగ్గంలో కూర్చుని రోజంతా నాడె తాడు లాగిన చెయ్యి వాళ్ళది. ఎర్రగుంట్ల చుట్టుపక్కల నాపరాతి గనుల నుంచి, పాలిష్ యూనిట్ల నుంచి బండలు లారీకెత్తేవాళ్ళు. పులివెందులలో బస్సెక్కి ముద్దనూరు మీదుగా వచ్చే అరటి, చీనీ రైతులు, గెలలు మోసే కూలీలు. ప్రొద్దుటూరు నుంచే సున్నాలు కొట్టేవాళ్ళు, అంగడి పై అరల్లో సరుకు సర్దేవాళ్ళు, ముప్పై ఏళ్ళు నల్లబల్ల మీద రాసిన పంతుళ్ళు. మాట మాత్రం అందరిదీ ఒకటే: "ఎత్తుతాంటే ఈడ గుచ్చినట్టయితాది మ్మా. రాత్రిపూట ఆ పక్కకు పండుకునేదానికే లేదు." ఆ 'ఈడ' అని చూపించే చోటు భుజం మీద ఉండదు. జబ్బకు బయటి పక్క, టీకా వేసే చోట ఉంటుంది. నొప్పి పుట్టేది పైన, తెలిసేది కింద. అందుకే వావిలాకు కాపడం పెట్టినా, బామ్ రాసినా చాలామంది రాసే చోటు వేరు, బాధ ఉన్న చోటు వేరు.

ఊళ్ళో దీనికి పేర్లకు కొదవ లేదు. నరం పట్టిందంటారు, అరిగిందంటారు. ఈమధ్య ఏ జబ్బ నొప్పి అయినా ఫ్రోజెన్ షోల్డరే. ఆమె ఈ మాటను ఒప్పుకోరు. తేల్చడానికి ఒక చిన్న పని చేస్తారు. మోచేతిని పక్కటెముకలకు ఆనించి, ముంజేతిని తలుపు తెరిచినట్టు బయటికి తిప్పమంటారు. తర్వాత రోగిని చెయ్యి వదిలేయమని, తనే తిప్పి చూస్తారు. ఎవరు తిప్పినా అదే చోట బిగుసుకుని ఆగిపోతే అది ఫ్రోజెన్ షోల్డర్. షుగరు ఉన్నవాళ్ళలో ఎక్కువగా కనిపిస్తుంది, దాని దారి వేరు. ఆమె తిప్పితే సాఫీగా తిరిగి, రోగి సొంత బలంతో ఎత్తినప్పుడు మాత్రం సగం ఎత్తులో పట్టేసి, ఆ మలుపు దాటాక మళ్ళీ తేలికైతే, అది రొటేటర్ కఫ్ బాధ. ఈ రెంటికీ తేడా చెప్పడానికి ఆమెకు పట్టేది ఒకటిన్నర నిమిషం. నాకు అంతకుముందు ఒకచోట జబ్బను ముట్టుకోకుండానే, ఫిల్ము చూసి, "చినిగింది, ఆపరేషన్" అని చెప్పారు. ఆ మాటతో నేను నెల రోజులు నిద్రపోలేదు.

రొటేటర్ కఫ్ అంటే ఏమిటో చెప్పడానికి ఆమె బల్ల మీద ఒక టీ సాసరు, ఒక చీనీకాయ పెట్టి ఉంచుతారు. పులివెందుల రైతుకు అంతకంటే వివరం అక్కర్లేదు. చేతి ఎముక గుండు చీనీకాయంత, అది కూర్చునే గుంటకు సాసరు కంటే లోతు లేదు. తుంటి కీలులో గుండు లోతైన గిన్నెలో దిగి ఉంటుంది కాబట్టి గట్టిది, కానీ అన్ని వైపులా తిరగదు. జబ్బ మాత్రం ఆకాశంలోకి పోతుంది, వీపు వెనక్కి పోతుంది. ఇంత స్వేచ్ఛకు కట్టే సుంకం, గుండు జారిపోయే భయం. దాన్ని సాసరు మధ్యలో నొక్కి పట్టేవి నాలుగు కండరాలు. పైన సుప్రాస్పైనాటస్, వెనక ఇన్‌ఫ్రాస్పైనాటస్, టెరీస్ మైనర్, రెక్క ఎముక లోపలి వైపు సబ్‌స్కాపులారిస్. నాలుగింటి స్నాయువులూ గుండు దగ్గరికొచ్చేసరికి విడివిడిగా ఉండవు. ఒకదాని పోగులు ఇంకోదానిలో కలిసిపోయి, చొక్కా చేతికి కఫ్ ఉన్నట్టు గుండు చుట్టూ ఒకే పట్టీగా అల్లుకుంటాయి. నేతపనివాళ్ళకు ఆమె దీన్ని చెప్పే తీరు విన్నాను: "పడుగు బిగి ఒకపక్క సడలితే ఏమైతాది పెద్దాయనా? గుడ్డ అంతా ఒకపక్కకు లాగదా? ఇదీ అంతే." పెద్దాయన తల ఊపాడు. ఆయన ఆ బిగితోనే బతికినవాడు.

జబ్బ మీది పెద్ద కండరం చేతిని పైకి లేపుతుంటే, ఈ నాలుగూ గుండును కిందికీ లోపలికీ పట్టి ఉంచాలి. వయసుతోనో, అలవాటు లేని బరువును ఒక్కరోజే ఎత్తడంతోనో, నెలల తరబడి పని మానేసి హఠాత్తుగా మొదలుపెట్టడంతోనో వాటి ఓపిక మించిపోతుంది. నొప్పి అక్కడ మొదలవుతుంది.

చాలా కాలం దీనికి ఇంకో కారణం చెప్పేవారు. భుజం పైన చూరులాగా పొడుచుకొచ్చిన ఎముక కింద స్నాయువు రాసుకుంటోందని 1972లో అమెరికా సర్జన్ చార్లెస్ నీర్ రాశారు. ఆ ఎముక అంచును చెక్కి చోటు కల్పించడం ప్రపంచమంతా వ్యాపించింది. వినడానికి వడ్రంగి పనంత సూటిగా ఉంటుంది, అందుకే అంత నమ్మారేమో. బ్రిటన్‌లో 313 మందిని మూడు భాగాలు చేసి పరీక్షించారు. కొందరికి ఎముక చెక్కారు, కొందరికి కెమెరా గొట్టం లోపలికి పంపి ఏమీ చెక్కకుండా కుట్టేశారు, కొందరికి ఏ ఆపరేషనూ చేయలేదు. 2018లో లాన్సెట్ పత్రికలో ఫలితం వచ్చింది. ఎముక చెక్కినవాళ్ళకూ ఉత్తుత్తి ఆపరేషన్ అయినవాళ్ళకూ తేడా లేదు. ఏమీ చేయనివాళ్ళ కంటే ఆపరేషన్ వాళ్ళు కాస్త మెరుగ్గా ఉన్నా, ఆ తేడా రోగికి లెక్కలోకి వచ్చేంత లేదు. అంతకుముందే, 2016లో, బ్రిటన్‌లో పనిచేసే ఫిజియోథెరపిస్టు జెరెమీ లూయిస్ ఈ బాధకు ఒక నిరాడంబరమైన పేరు సూచించారు: రొటేటర్ కఫ్‌కు సంబంధించిన భుజం నొప్పి. రాసుకోవడమనీ చినగడమనీ తీర్పు చెప్పని పేరు. ఆమెకు ఈ పేరంటే ఇష్టం. రోగిని భయపెట్టని పేరు కాబట్టి.

చినిగిందన్న భయం గురించి ఆమె చెప్పే సంగతి జపాన్‌లోని ఒక పల్లెది. 2010లో అచ్చయిన ఆ పరిశీలనలో 683 మంది రెండు భుజాలనూ అల్ట్రాసౌండ్‌తో చూశారు. మొత్తం భుజాల్లో ఐదింట ఒకదానిలో స్నాయువు పూర్తిగా చినిగి ఉంది. అలా చినిగినవాళ్ళలో చాలామందికి నొప్పే లేదు, పనులు చేసుకుంటూనే ఉన్నారు. జుట్టు నెరిసినట్టే ఇదీ, వయసుతో వచ్చే మార్పు. నా ఫిల్ము చూసి ఆమె అన్నది నాకిప్పటికీ గుర్తుంది: "ఇది మీ వయసు ఫొటో సార్. మీ నొప్పి ఫొటో కాదు."

ఇక అసలు పనితనం. రోగి చెయ్యి ఎత్తుతాడు, సగంలో ముఖం చిట్లిస్తాడు. ఆమె వెనక నిలబడి రెక్క ఎముక కింది కొసను బొటనవేలితో ఒక్క రవ్వ ముందుకు తోసి, "ఇప్పుడెత్తు నాయనా" అంటారు. నొప్పి తగ్గిందా, సరే. తగ్గకపోతే బొటనవేలు ఆకాశం వైపు తిప్పి ఎత్తమంటారు. అదీ కాకపోతే రెండు చేతులతో తువ్వాలును అటూ ఇటూ లాగి పట్టుకుని ఎత్తమంటారు. అదీ కాకపోతే ఒక అడుగు ముందుకేస్తూ, కాళ్ళ ఊపుతో. ఒక్కొక్కటీ తాళంలో పెట్టి చూసే తాళంచెవి. ఏదో ఒకదానితో నొప్పి సగానికి పడిపోతుంది. అదే ఆ మనిషికి మొదటి వ్యాయామం. పుస్తకంలో ఉన్న పది వ్యాయామాల కాగితం అందరి చేతిలో పెట్టి పంపేవాళ్ళను చూశాను. ఈమె ఇచ్చేది రెండు, మహా అయితే మూడు. ఆ రెండింటినీ ఎంచుకోవడానికి మాత్రం ముప్పావు గంట తీసుకుంటారు.

తర్వాత మోతాదు. ఇక్కడే నాకు ప్రొద్దుటూరు బంగారు అంగడిలో త్రాసు పట్టుకున్న చెయ్యి గుర్తొచ్చింది. స్నాయువు బలపడాలంటే దాని మీద బరువు పడాలి. తక్కువ పడితే మేలుకోదు, ఎక్కువ పడితే అలుగుతుంది. ఈ రెంటి మధ్య ఉన్న సన్నని చోటు ప్రతి మనిషికీ వేరు, అదే మనిషికి వారం వారం వేరు. సున్నా నుంచి పది దాకా నొప్పికి మార్కులు వేయమని పుస్తకాలు చెబుతాయి. ఆ లెక్క మా వైపు పెద్దవాళ్ళ నోట రాదు. అందుకని ఆమె రూపాయిలో అడుగుతారు. "చేస్తాంటే నాలుగణాల నొప్పి వస్తే రానీ, భయపడాల్సిన పన్లేదు. ఎనిమిదణాలు దాటితే బరువు తగ్గించు. తెల్లారేసరికి ఆ నాలుగణాలూ పోయిండాల." కుర్రవాళ్ళకైతే సెల్‌ఫోన్ చార్జింగు శాతంలో చెబుతారు. వైద్యం చెప్పే మాట రోగి సొంత లెక్కల్లోకి దిగడం ఎంత పెద్ద విషయమో, ఆ గదిలో అరవై దాటిన మనిషి వేళ్ళ మీద అణాలు లెక్కపెడుతూ చెయ్యెత్తడం చూస్తే తెలుస్తుంది.

బరువులు కూడా ఇంటివే. లీటరు నీళ్ళ సీసా కిలో. అరలీటరుతో మొదలు, పెన్నుతో గీత పెట్టి వారం వారం గీత పెంచడం. రంగు రంగుల రబ్బరు పట్టీలు ఆమె దగ్గర ఉన్నాయి, కానీ కొనలేనివాళ్ళకు పాత సైకిల్ ట్యూబును సన్నటి పేలికగా కోసి ఇస్తారు. కోయడంలో ఉంది నేర్పు. వెడల్పు ఎక్కువైతే మొండికేస్తుంది. కోశాక తను లాగి చూసి, కిటికీ ఊచకు కట్టి, చేతితో పట్టుకునే చోట ఒక ముడి వేస్తారు. మోచేతికీ పక్కటెముకలకూ మధ్య మడిచిన తువ్వాలు. అది జారి పడకుండా ముంజేతిని బయటికి తిప్పాలి, మెల్లగా వెనక్కి రావాలి. వెనక్కి వచ్చేటప్పుడే తొందరపడతారు అందరూ, అక్కడే ఆమె చెయ్యి మన ముంజేతి మీద ఆనుతుంది, "మూడు లెక్కపెట్టు" అని. పది సార్లు, కాస్త ఆగి మళ్ళీ పది, రోజు మార్చి రోజు. రెండు వారాలకు ట్యూబు మీద ముడి ఒక జానెడు లోపలికి జరుగుతుంది. బిగి పెరుగుతుంది. నా ట్యూబు మీద ఐదు ముడుల గుర్తులున్నాయి. నా జబ్బ చరిత్ర అంతా ఆ ముడుల్లో ఉంది.

మరీ నొప్పిగా ఉన్న మొదటి రోజుల్లో ముందుకు వంగి, చేతిని గంట నాలుకలా వేలాడదీసి ఊపే కదలిక ఒకటుంది. దాన్ని బోస్టన్ సర్జన్ కాడ్‌మన్ పేరుతో పిలుస్తారు. భుజం మీద 1934లో ఆయన అచ్చువేసిన పుస్తకం ఈ రంగానికి పునాది. నాకు ఆయన మీద గౌరవం మాత్రం వేరే కారణానికి. చికిత్స చేసి పంపిన ప్రతి రోగికీ ఒక కార్డు రాసి, ఏడాది తర్వాత ఏమయిందో కనుక్కుని అందులో రాయాలని, ఆసుపత్రులన్నీ అలాగే చేయాలని పట్టుబట్టినవాడాయన. ఆ పట్టుదలకు తోటి డాక్టర్లకు దూరమయ్యాడు కూడా. ప్రొద్దుటూరు క్లినిక్కులో కార్డులు లేవు, ఒక పొడుగాటి లెక్కల పుస్తకం ఉంది. పేరు, ఊరు, చేసే పని, మొదటిరోజు చెయ్యి ఎంతదాకా లేచింది, ఎన్నణాలు. చివరి గడి ఖాళీగా ఉంటుంది. ఆరు నెలలకు ఫోను చేసి అది నింపుతారు. నయం కాలేదన్న మాట కూడా అందులో అదే సిరాతో ఉంది.

అదీ ఇదీ పని మానుకో అని చెప్పడం సులభం. మగ్గం దిగితే కూలి లేదు. జమ్మలమడుగు పెద్దాయనకు ఆమె మగ్గం ఆపమని చెప్పలేదు. కూర్చునే గట్టు మీద గోనెపట్టలు మడతలు పెట్టి ఎత్తుగా వేసుకోమన్నారు. మనిషి నాలుగు వేళ్ళు పైకి లేచాడు, తాడు లాగే చెయ్యి అంతమేర కిందికొచ్చింది, నొప్పి పుట్టే ఎత్తు తప్పిపోయింది. గంటకోసారి లేచి నీళ్ళు తాగి రమ్మన్నారు. పులివెందుల గెలల కూలీకి ఇంకో తీరు. గోనెసంచిలో ఐదు కిలోల ఇసుక పోసి, నేల మీంచి నడుముకు, నడుము నుంచి భుజానికి, మోకాళ్ళ ఊపుతో ఎత్తించారు. వారం వారం ఇసుక పెరిగింది. తొమ్మిదో వారంలో అతను సంచి భుజానికెత్తుకుని గదిలో రెండు చుట్లు తిరిగి, దించేసి, "ఇంగ తోటకు పోతా మ్మా" అన్నాడు. ఆమె సంచి మరోసారి ఎత్తించి, కాళ్ళు చూసి, అప్పుడు సరేనన్నారు.

కరెంటు పెట్టమని అడిగేవాళ్ళు రోజూ ఉంటారు. యంత్రం ఉంటేనే వైద్యమన్న నమ్మకం మనది. భుజానికి అల్ట్రాసౌండ్ వేడి వల్ల అదనంగా ఒరిగేది పెద్దగా లేదని పరిశోధనలు చెబుతున్నాయి, ఆమె కూడా అదే చెప్పి డబ్బు తీసుకోరు. స్టెరాయిడ్ సూది విషయంలోనూ మాట దాచరు. మొదటి వారాల్లో కొంత ఉపశమనం ఇస్తుంది, ఏడాది తిరిగేసరికి వేయించుకున్నవాళ్ళూ వేయించుకోనివాళ్ళూ ఒకటే, షుగరు ఉంటే కొన్ని రోజులు పెరుగుతుంది, డాక్టరును అడిగి నిర్ణయించుకోండి అంటారు.

ఇక వ్యాయామం సంగతి. 2012లో అచ్చయిన ఒక పరిశీలనలో స్వీడన్ పరిశోధకులు ఆపరేషన్ వరుసలో ఉన్న 102 మందిని తీసుకున్నారు. కఫ్‌కూ రెక్క ఎముక కండరాలకూ బరువు పెంచుతూ పోయే వ్యాయామం కొందరికి, మామూలు మెడ, భుజం కదలికలు మిగతావాళ్ళకు ఇచ్చారు. మూడు నెలల తర్వాత మొదటివాళ్ళలో నూటికి 20 మంది ఆపరేషన్ కోరుకున్నారు, రెండోవాళ్ళలో 63 మంది. తర్వాత బ్రిటన్‌లో 708 మందితో జరిగి 2021లో అచ్చయిన గ్రాస్ప్ పరిశీలన ఇంకో మాట చెప్పింది. ఆరు సార్ల దాకా పిలిపించి చేయించినా, ఒక్కసారి బాగా చూసి, బాగా చెప్పి, ఇంట్లో చేసుకోవడం నేర్పి పంపినా ఏడాదికి ఫలితం ఒకటే. ఫిజియోథెరపిస్టులు కొందరికి ఇది చేదుగా తోచింది. పులివెందుల నుంచి బస్సు ఛార్జీ పెట్టుకుని, ఒక రోజు కూలి పోగొట్టుకుని వచ్చే మనిషి వైపు నుంచి చూడండి. వ్యాయామం కావాలి, తిరుగుడు అక్కర్లేదు అన్నంత మంచి వార్త ఇంకేముంది? కానీ ఆ ఒక్కసారి నిజంగా పనితనంతో జరగాలి. నేను మూడు నెలలు వెళ్ళానంటే వైద్యం కోసం మొదటి మూడుసార్లే. మిగతావి చూడడం కోసం.

మన దేశంలో ఫిజియోథెరపీ విద్య బొంబాయిలో 1952లో పోలియో వ్యాపించాక, 1953లో కేఈఎం ఆసుపత్రిలో పెట్టిన బడితో మొదలైంది. మా వైపు కూడా చాలా ఏళ్ళు ఫిజియోథెరపీ అంటే పోలియో కాలు, పక్షవాతం చెయ్యి. జమ్మలమడుగులో లండన్ మిషనరీలు పెట్టిన క్యాంప్‌బెల్ ఆసుపత్రి ఉంది. అక్కడ డాక్టరుగా పనిచేసిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి 1973లో పులివెందులలో తండ్రి పేరిట 70 పడకల ఆసుపత్రి పెట్టారు. వైద్యం ఈ నేలకు కొత్త కాదు. కూలి చేసే జబ్బకు కూడా ఒక విద్య ఉందన్నదే కొత్త.

ఆమె చేయనని చెప్పిన రోజులు రెండు చూశాను. బైకు మీంచి పడి వచ్చిన ఒకాయన చేతిని ఆమె పైకెత్తి "పట్టుకో" అని వదిలితే, చెయ్యి రాయిలా పడిపోయింది. ఇంకేమీ చేయకుండా ఆ గంటలోనే ఎముకల డాక్టరుకు చీటీ రాశారు. ఇంకొకరికి ఎడమ జబ్బ నొప్పి. చెయ్యి ఎటు తిప్పినా నొప్పి రాలేదు, మెట్లెక్కితే వస్తోంది, చెమటలతో. కుర్చీలోంచి లేవనివ్వకుండా ఆటో పిలిపించి ఈసీజీకి పంపారు.

మీ ఇంట్లో ఎవరికైనా జబ్బ నొస్తుంటే ఇంతే చెప్పగలను. కిందపడ్డాక చెయ్యి లేవకపోయినా, జ్వరమో తిమ్మిరో తోడైనా, గుండెలో బరువు అనిపించినా, ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. అవేవీ లేకుండా ఎత్తినప్పుడే నొప్పి అయితే, చేతిని తిప్పి చూసే మనిషిని వెతకండి. ఎంత బరువు, ఎన్నిసార్లు, ఎంత నొప్పి దాకా అని అడగండి. ఆ మూడింటికీ జవాబు దొరికాక పన్నెండు వారాలు ఓపిక పట్టండి.